రెండు జాడీలు తక్కువ

సోమవారం ఉదయం తొమ్మిదీ నలభైకి రేణుక ఎమ్మిగనూరు శివారులోని ఎముకల పరిశోధన కేంద్రం గేటు దగ్గర స్కూటీ ఆపింది. మహేంద్ర తెల్లకారు అప్పటికే లోపల ఉంది. కాపలాదారు ఇచ్చిన రిజిస్టరులో తన పేరు రాస్తూ పై వరుస చూసింది. మహేంద్ర, కర్నూలు, 8.55.

నలభై అయిదు నిమిషాలు ముందు వచ్చాడు. ఆ అంకె చూడగానే పెన్ను ఆమె చేతిలో ఆగింది.

మహేంద్ర ఒకప్పుడు ఆదోనిలో ఆమె డిటెక్టివ్ ఆఫీసులో మూడేళ్లు పని నేర్చుకున్నాడు. తాళం తీశారో పగలగొట్టారో గుర్తుపట్టడం, అబద్ధం చెప్పేవాణ్ణి ఎంతసేపు మాట్లాడనివ్వాలో తెలుసుకోవడం, అన్నీ ఆమె చెప్పినవే. తర్వాత కర్నూలులో సొంత బోర్డు పెట్టుకున్నాడు. ఇప్పుడు నెలకోసారైనా జిల్లా పేజీలో అతని ఫోటో వస్తుంది. ఆ రోజు రేణుక ఇంట్లో ఆ పేజీని ఎవరూ ఆమె ఎదుట తెరవరు.

ఈ కేసులో ఇద్దరినీ వేరు వేరు వాళ్లు పిలిచారు. మహేంద్రను కేంద్రం యాజమాన్యం పిలిచింది. రేణుకను పిలిచింది రూత్ టీచర్. ఆదోనిలో ముప్పై ఏళ్లు లెక్కలు చెప్పి రిటైరైన మనిషి. ఇక్కడి ప్రయోగాలను మంచీ చెడూ చూసి అనుమతించే కమిటీలో డాక్టరు కాని సభ్యురాలు ఆమె ఒక్కతే.

విషయం ఇది. నడుము పూస జారి కాళ్లలోకి నొప్పి దిగేవాళ్లకు రెండు పూసలను ఒకటిగా అతికించే ఆపరేషన్ చేస్తారు. అతకడానికి ఎముక కావాలి. మామూలుగా రోగి తుంటి నుంచే కొంత ఎముక తీసి పూసల పక్కన పరుస్తారు. తుంటికోత నొప్పి నెలల తరబడి వదలదు. ఆ కోత అక్కర్లేకుండా చేసే పొడి ఒకటి ఇక్కడ తయారైంది. డాక్టర్ వరుణ్ దాన్ని ఇరవై నాలుగు కుందేళ్ల మీద ప్రయత్నిస్తే ఇరవై రెండింటికి పూసలు అతుక్కున్నాయి. తర్వాత పది గొర్రెల మీద చేశారు. వరుణ్ ఆపరేషన్ చేసిన రెండూ అతికాయి. డాక్టర్ శరణ్య చేసిన ఎనిమిదీ అతకలేదు.

కుందేళ్ల ఫలితం చూసి కమిటీలో అందరూ మనుషులకు మొదలుపెట్టమన్నారు. రూత్ టీచర్ ఒక్కతే గొర్రెల సంగతి తేలాలంది. పది గొర్రెల వెన్నెముకలనూ బయటి నిపుణుడి చేత కోయించి చూపించమంది. శుక్రవారం మధ్యాహ్నం ఆ వెన్నెముకలు దాచిన పది గాజు జాడీలూ మాయమయ్యాయి. రేపు, మంగళవారం, ఆదోని ఆసుపత్రిలో మొదటి రోగి తిమ్మన్నకు వరుణ్ ఆపరేషన్ చేయబోతున్నాడు. గురువారం జయన్న అనే హమాలీకి శరణ్య చేయాలి.

నమూనాల గదిలో మహేంద్ర ఖాళీ అర ముందు నిలబడి ఉన్నాడు. ఆమెను చూసి నవ్వాడు.

"రా అక్కా. దాదాపు అయిపోయినాది."

ఆమె గది చూసింది. కిటికీకి ఇనుప కమ్మీలు. తాళం మీద గీతల్లేవు. అర మీద దుమ్ములో పది గుండ్రని గుర్తులు, ఒక్కొక్కటీ జానెడు వెడల్పు. ఎక్కడా ఈడ్చిన జాడ లేదు. ఒక్కో జాడీనీ రెండు చేతులతో ఎత్తి దించారు. నేల మీద గడప దాకా రెండు సన్నని చక్రాల గుర్తులున్నాయి.

"తోపుడు బండి," అన్నాడు మహేంద్ర. "యేసేపు ఒకటీ పదికి గదికి తాళమేసి అన్నానికి పోయినాడు. రెండూ ఇరవై అయిదుకు తెరిస్తే జాడీలు లేవు. గది తాళంచెవులు మూడు. ఒకటి యేసేపు దగ్గర, తక్కిన రెండూ డాక్టర్ల దగ్గర. వరుణ్ ఆ టైములో ఆదోనిలో ఉన్నాడు, ఆసుపత్రి కెమెరాలో కనిపించినాడు. మిగిలింది శరణ్య."

"కారణం?"

"కడుపుమంట. ఆయన చేసినవి అతికినాయి, ఈమె చేసినవి అతకలేదు. జాడీల్లోవి కోస్తే ఈమెకు చెయ్యి రాదని బయటపడుతుంది. అందుకే తీసేసింది. సాయంత్రం అయిదూ పదికి కారులో పెట్టుకుని పోయింది."

"శుక్రవారం బయటికి పోయే ప్రతి కారు డిక్కీ తెరిపించామని గేటుకాడ చెప్పినారు. నువ్వు అడగలేదా?"

మహేంద్ర ఖాళీ అర వైపు తిరిగాడు. "అడిగినా. కాపలావాళ్ల మాట ఎంతవరకు నమ్ముతాం?"

"అడగలేదు," అంది రేణుక. ఆ మాటలో ఆమెకు కొద్దిగా సుఖం కలిగింది. కానీ అతని లెక్క తప్పు కాదని ఆమెకు తెలుస్తూనే ఉంది. తాళంచెవి, టైము, కారణం, మూడూ శరణ్య వైపే చూపిస్తున్నాయి. తనకంటే నలభై అయిదు నిమిషాల ముందు వచ్చి, తను నేర్పిన పద్ధతిలోనే, తను చేరవలసిన చోటికి ముందుగా చేరాడు.

పదీ పదికి శరణ్య వచ్చి ఎదురుగా కూర్చుంది. ముప్పై నాలుగేళ్లుంటాయి. కౌతాళం దగ్గర పల్లె. తల్లి ఇంకా పత్తి ఏరే కూలికి పోతుందని రూత్ టీచర్ చెప్పింది. మాట్లాడేటప్పుడు తన చేతులను బల్ల కింద పెట్టుకుంది.

"శుక్రవారం ఒకటీ పది నుంచి రెండూ ఇరవై అయిదు దాకా ఎక్కడున్నారు?"

"నా గదిలో."

"ఎవరైనా చూశారా?"

"లేదు."

"కుందేళ్లకు బాగా అతికింది, గొర్రెలకు అతకలేదు. ఏది నమ్మాలి?"

ఈ ప్రశ్నకు శరణ్య తల ఎత్తింది. "రెండూ పూర్తిగా నమ్మలేం మేడమ్. కుందేలు చిన్న ప్రాణి. దాని ఎముక తొందరగా పెరుగుతుంది, రక్తం తొందరగా చేరుతుంది. పొడి అతికించాల్సిన సందు చిటికెన వేలంత ఉండదు. గొర్రె వెన్ను మనిషి వెన్నుకు కొలతలో కొంత దగ్గర. అయినా అది నాలుగు కాళ్ల మీద నడుస్తుంది. మనిషి నిలబడతాడు. జయన్న లాంటివాళ్లు నిలబడి పత్తి బోరేలు మోస్తారు. కుందేలులో గెలిచినవి గొర్రె దగ్గర ఓడిపోవడం మాకు కొత్త కాదు."

"అట్లయితే ఎనిమిది గొర్రెలకు అతకలేదంటే తప్పు పొడిదే కావచ్చు కదా?"

"అదే పొడి వాడి ఆయన చేసిన రెండూ ఎట్లా అతికినాయి?" ఆమె గొంతు సన్నబడింది. "అదే మంద, అదే వయసు, అదే వారం. మధ్యలో తేడా నా చెయ్యి ఒక్కటే. ఆరు నెలలుగా అందరూ మర్యాదగా మాట్లాడతారు. 'పర్వాలేదు డాక్టర్, అనుభవం వస్తుంది' అంటారు. ఆయన పెద్ద పత్తి వ్యాపారి కొడుకు. మొదటిసారి కత్తి పట్టినప్పటి నుంచి ఆయన వెనక నిలబడి నేర్పేవాళ్లున్నారు. నేను చూసి చూసి నేర్చుకున్నా. మొదటి రోగి కూడా ఆయనకే ఇచ్చినారు."

"మీకాయన మీద అసూయ."

"మీకు ఎవరి మీదా లేదా?" అంది శరణ్య. అడిగేటప్పుడు ఆమె చూపు అద్దం తలుపు అవతల ఫోన్ మాట్లాడుతున్న మహేంద్ర వైపు పోలేదు. అయినా రేణుకకు అటే పోయినట్టనిపించింది.

శరణ్య మూడోసారి గడియారం చూసుకుంది. "పన్నెండుకు ఆదోనిలో రోగులు చూడాలి. వెళ్లొచ్చా?"

కేంద్రంలో పనిచేసేవాళ్లెవరూ రేణుక అనుమతి లేకుండా ఆ రోజు బయటికి పోకూడదని కమిటీ ఉత్తరం ఇచ్చింది. రేణుక బయటికి వచ్చేసరికి మహేంద్ర ఎదురొచ్చాడు.

"సాయంత్రం దాకా ఆమెను పంపొద్దక్కా. ఆ మనిషి ఏదో చేయాలని తొందరపడుతోంది. గడియారం చూడ్డం గమనించినావా?"

గమనించింది. తను కూడా ఆ మాటే అనబోయింది. కానీ అతను ముందుగా అనేశాడు.

"నీ అనుమానాలకు మనుషుల్ని కూర్చోబెట్టను," అంది రేణుక. పదకొండూ అయిదుకు శరణ్య కారు గేటు దాటింది.

డాక్టర్ వరుణ్ పదకొండూ ఇరవైకి తన గదిలోనే వాళ్లిద్దరినీ కూర్చోబెట్టాడు. నలభై దాటని మనిషి. ఇస్త్రీ చొక్కా, నెమ్మదైన గొంతు. గోడకు కుందేళ్ల ఎక్స్‌రేలు ఫ్రేము కట్టి ఉన్నాయి.

"శరణ్య మీద చర్య ఏమీ వద్దని చెప్పాను," అన్నాడు. "పాపం, కష్టపడుతుంది. చెయ్యి రాదంతే."

"కుందేళ్ల బరువు పుస్తకం మీరు కమిటీకి ఇచ్చారు కదా," అంది రేణుక. రూత్ టీచర్ తెచ్చి ఇచ్చిన నకలు సంచిలోంచి తీసింది. ఆదివారమంతా దాన్ని చదువుతూ కూర్చుంది ఆమె. "పూర్తిగా ఎదిగిన కుందేళ్లు, మూడున్నర కిలోలకు తగ్గనివి వాడాలని మీ అనుమతి కాగితంలో ఉంది. ఆపరేషన్ రోజు మొదటి కుందేలు బరువెంతో చెప్తారా?"

"గుర్తుండదు."

"రెండు కిలోల నూరు గ్రాములు. ఎనిమిది వారాల తర్వాత మూడు కిలోల మున్నూరు. రెండోది, మూడోది, అన్నీ అంతే. ఎదిగిన కుందేలు ఎనిమిది వారాల్లో కిలోకు పైగా పెరుగుతుందా డాక్టరుగారూ?"

వరుణ్ ఆ నకలును తన వైపు లాక్కున్నాడు. "ఆ సమయానికి పెద్దవి దొరకలేదు."

"పెరిగే వయసులో ఎముక దానంతటదే తొందరగా అతుకుతుంది. గొప్పతనం పొడిదా, వయసుదా?"

"జంతువు మీద పరీక్ష అంటే ఒక సూచన. ఎవరూ దాన్ని దైవవాక్కు అనరు."

"ఆ సూచన మీదే రేపు తిమ్మన్నను బల్ల మీద పడుకోబెడుతున్నారు."

మహేంద్ర కలగజేసుకున్నాడు. "అక్కా, మనం వచ్చింది జాడీల కోసం. కుందేళ్ల కోసం కాదు."

వరుణ్ అతని వైపు కృతజ్ఞతగా చూశాడు. పన్నెండూ పదికి ఇంటికి భోజనానికి పోయి వస్తానని లేచాడు. శరణ్యను పంపి ఇతన్ని ఆపడానికి రేణుక దగ్గర కారణం లేదు. పొమ్మంది.

వరండాలో మహేంద్ర గొంతు తగ్గించి అన్నాడు. "ఆ బరువుల సంగతి బాగా పట్టినావు. నాకు తట్టలేదు." నిజంగానే మెచ్చుకున్నాడు. కానీ వెంటనే, "సాయంత్రం రిపోర్టులో నేను కూడా రాస్తా," అన్నాడు.

రేణుక గొర్రెల దొడ్డి వైపు నడిచింది.

యేసేపు కొత్త మంద గొర్రెలకు జొన్నచొప్ప వేస్తున్నాడు. యాభై దాటిన మనిషి. పదకొండేళ్లుగా ఇక్కడి జంతువులకు మేత, నీళ్లు, కుట్లకు మందు, అన్నీ అతనే. దొంగతనం తన మీద పడుతుందేమోనని మూడు రోజులుగా నిద్ర లేనట్టుంది.

"నేను తియ్యల్యామ్మా. నా బిడ్డల మీద ఒట్టు."

"నువ్వు తియ్యలేదని తెలుసు యేసేపన్నా. శుక్రవారం నుంచి ఈడ మామూలుగా లేనిది ఏమన్నా చూసినావా? చిన్నదైనా సరే."

అతను ఆలోచించాడు. "ఏం ల్యామ్మా. గొర్రెలు తవుడు ముట్టడం ల్యా, అంతే."

"ఎప్పటినుంచి?"

"శుక్రారం సాయంత్రం సంది. చొప్ప తింటాండాయి, నీళ్లు తాగుతాండాయి. తవుడు పెడితే వాసన సూసి మూతి తిప్పుకుంటాయి. బూజు పట్టిందేమో అనుకుంటి."

"ఎవరికైనా చెప్పినావా?"

"శనారం పొద్దున పెద్ద డాక్టర్ వరుణ్ సార్‌కు సెప్తి. ఆయనొచ్చి సూసి, తవుడు మార్పిస్తాలే పో అన్నాడు. మార్పియ్యల్యా."

రేణుక తవుడు గది ఎక్కడని అడిగింది. నమూనాల గదికి మూడు తలుపుల అవతల, అదే వరండాలో ఉంది. తలుపు తెరవగానే తవుడు కమ్మదనం కింద నుంచి ఘాటైన వాసన వచ్చింది. ఎముకలు చెడకుండా జాడీల్లో పోసే మందు వాసన. మూలన తోపుడు బండి. దాని పక్కన గోనె సంచులు పేర్చి ఉన్నాయి. వెనుక వరుసలో పైసంచి మూతి విప్పి, మోచేతి దాకా తవుడులో చెయ్యి పెట్టింది. వేళ్లకు చల్లటి గాజు తగిలింది.

అడుగుల చప్పుడు విని వెనక్కి తిరిగితే మహేంద్ర గడపలో ఉన్నాడు. అతని ముఖంలో మెప్పు లేదు. ఆ ముఖం ఎలా ఉంటుందో రేణుకకు బాగా తెలుసు. పేపరు తెరిచిన రోజుల్లో తన ముఖం అలాగే ఉంటుంది.

ముగ్గురూ కలిసి జాడీలు బయటికి తీశారు. ఒక్కో మూత మీద నంబరు ఉంది. ఒకటి, రెండు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, తొమ్మిది, పది. మిగిలిన సంచులన్నీ బోర్లించినా ఇంకేమీ లేదు.

"మూడు, ఏడు లేవు," అన్నాడు మహేంద్ర.

"ఆ రెండూ ఎవరివి?"

"పెద్ద డాక్టర్ కోసినవి," అన్నాడు యేసేపు.

రేణుక గోడకు ఆనుకుని నిలబడింది. శుక్రవారం శరణ్య పదీ ఇక్కడ దాచింది. అక్కడిదాకా మహేంద్ర చెప్పిందే నిజం. శనివారం గొర్రెలు తవుడు తినడం లేదని వినగానే వరుణ్‌కు అర్థమైంది. వచ్చాడు, జాడీలు చూశాడు, రెండే తీసుకున్నాడు. తన గెలుపుకు సాక్ష్యమైన ఆ రెంటినీ ఎందుకు మాయం చేశాడు? చెడ్డ ఫలితమైతే దాచాలి, మంచి ఫలితాన్ని ఎవరైనా దాస్తారా?

"యేసేపన్నా, ఆ రెండు గొర్రెల్ని నువ్వే చూసుకున్నావా?"

"నేనేమ్మా. పదింటికీ కుట్లకు మందు రాసింది నేనే."

"ఆ రెండింట్లో తేడా ఏమన్నా ఉండెనా?"

"వాటికి రెండు సోట్ల కుట్లుండె. నడుం మీద ఒకటి, తుంటి కాడ ఒకటి. పది పన్నెండు దినాలు కుంటినాయి పాపం. ఏమిటికి సార్ అంటే, సూది గుచ్చిన సోటు సీము పట్టిందిలే అన్నాడు. మళ్లా బొచ్చు మొలిసి కప్పేసింది. మిగతా ఎనిమిదింటికీ నడుం మీదనే."

మహేంద్ర రేణుక వైపు తిరిగాడు.

"పొడి పెట్టలేదు," అంది రేణుక మెల్లగా. "ఆ రెండింటికీ వాటి తుంటి ఎముకే తీసి పెట్టినాడు. అందుకే అతికినాయి. పొడి పెట్టిన ఎనిమిదీ అతకలేదు. జాడీలు కోస్తే మూడులో, ఏడులో పొడి రేణువు ఒక్కటీ కనిపించదు. అందుకే తీసుకుపోయినాడు."

"శరణ్యకు ఇది తెలీదా?"

యేసేపు తల అడ్డంగా తిప్పాడు. "ఆయమ్మ ఆ రెంటి కాడికి ఒక్కనాడూ రాల్యా సారూ. దూరం నుంచి సూసి పోతాండె. ఒకసారి దగ్గరికి రామ్మా అంటే, ఆయన గొర్రెల్ని నేనేమిటికి సూడాల అనింది."

అప్పుడు టైము ఒంటిగంటా నాలుగు. రేణుక ఫోన్ మోగింది. రూత్ టీచర్.

"రేణుకా, నువ్వు శరణ్యను పంపినావా? ఆమె ఈడ ఆసుపత్రిలో ఉంది. జయన్నకు గురువారం కాదు, ఈ పొద్దే చేస్తుందంట. రెండు గంటలకు థియేటర్. పొద్దున్నుంచి ఏమీ తినొద్దని నిన్ననే ఫోన్ చేసి చెప్పిందంట."

"పొడి వాడుతుందా టీచర్?"

"పొడి డబ్బా ఆమె చేతిలోనే ఉంది. వరుణ్ కంటే ఒక రోజు ముందు చేసి చూపిస్తాననింది జయన్న భార్య సిద్దమ్మతో."

శరణ్య ఫోన్ ఆపేసి ఉంది. మహేంద్ర ఆసుపత్రికి చేశాడు. డాక్టరమ్మ థియేటర్ లోపలికి పోయింది, ఇప్పుడు మాట్లాడదన్నారు. రూత్ టీచర్ అడిగినా తలుపు తీయలేదు. రేణుక అతని కళ్లలోకి చూడలేదు. సాయంత్రం దాకా ఆమెను కూర్చోబెట్టమని అతను అడిగి రెండు గంటలైంది.

"నేను కారిస్తా. నువ్వు పో. నేను జాడీల కాడ ఉంటా," అన్నాడు మహేంద్ర.

అది సరైన మాట. రేణుకకు తెలుసు. కానీ తను ఆదోని చేరేలోపు ఈ ఎనిమిది జాడీలూ అతని చేతిలో, అతని రిపోర్టులో, అతని ఫోటో పక్కన ఉంటాయి.

"నువ్వు పో. నేనుంటా," అంది.

"నేను పోయి ఆ తలుపు కొడితే నువ్వీడ కమిటీని పిలిపిస్తావు."

"మరి ఇద్దరం పోదాం."

ఎవరూ వద్దనలేదు. రేణుక యేసేపుతో, "జాడీలు ఈడనే ఉండనీ. నువ్వు లోపల గడియ పెట్టుకో. నేను ఫోన్ చేసేదాకా ఎవరొచ్చినా తియ్యద్దు," అని చెప్పింది. ఒకటీ పదికి కారు గేటు దాటింది.

దారిలో మహేంద్ర ఒక్కసారే మాట్లాడాడు. "నేను వద్దన్నానని పంపినావు కదా ఆమెను?"

"అవును," అంది రేణుక.

ఒకటీ యాభై ఆరుకు ఆసుపత్రి మెట్లెక్కారు. థియేటర్ బయట బెంచీ మీద రూత్ టీచర్ పక్కన సిద్దమ్మ కూర్చుని ఉంది. ఆమె మొగుడు జయన్నను లోపలికి తీసుకుపోయి పావుగంటైంది. తలుపు కొడితే నర్సు సందులోంచి తల పెట్టింది. మత్తు ఇచ్చాం, ఎవరినీ రానివ్వం అంది.

రేణుక నోటుపుస్తకంలో కాగితం చించి రాసింది. 'మూడు, ఏడు గొర్రెలకు వరుణ్ వాడింది పొడి కాదు, వాటి తుంటి ఎముక. మీ ఎనిమిదింట్లో తప్పు మీ చేతిది కాదు.' నర్సుకిచ్చింది.

"ఇది చదివి వినిపించు చాలు. తర్వాత ఆమె ఇష్టం."

తలుపు మూసుకుంది. గోడ గడియారంలో నాలుగు నిమిషాలు గడిచాయి. సిద్దమ్మ ఏం జరుగుతోందని అడిగితే రూత్ టీచర్ ఆమె చెయ్యి పట్టుకుంది. తలుపు తెరుచుకుంది. శరణ్య ఆకుపచ్చ గౌనులో, తొడుగులున్న చేతులు రెండూ గాలిలో ఎత్తిపట్టి బయటికొచ్చింది.

"ఎవరు చూసినారు?"

"యేసేపు. తుంటి కుట్లకు మందు రాసింది ఆయనే. పన్నెండు రోజులు కుంటినాయంట."

"కుంటడం నేనూ చూసినా," అంది శరణ్య. "దగ్గరికి పోలేదు. పోయి ఒక్కసారి బొచ్చు తప్పించి ఉంటే..." ఆగింది. "ఎనిమిదీ పొడి వల్లనేనా?"

"ఎనిమిదీ."

ఆమె తన చేతుల వైపు చూసుకుంది. తర్వాత ఒక తొడుగు లాగేసింది, రెండోదీ లాగేసింది. "కోత పెట్టలేదు. ఇంకో రెండు నిమిషాలైతే పెట్టేదాన్ని. జాడీలు తీసింది నేనే. రాసుకోండి." శరణ్య సిద్దమ్మ ఎదుటికి వచ్చి వంగింది. "అమ్మా, ఈ రోజు ఆపరేషన్ చేయడం లేదు. ఈ పొడితో అసలు చేయను. మీ ఆయనకు మెలకువ వచ్చినాక నేనే కూర్చుని చెప్తా. పాత పద్ధతిలో, ఆయన ఎముకతోనే చేద్దాం. నొప్పుంటుంది, కానీ అతుకుతుంది."

సిద్దమ్మకు కోపమొచ్చింది. "మూడు నెలలాయె తల్లీ మేము తిరగబట్టి. ముందు మీకే సేస్తానంటివి. ఇప్పుడు మమ్మల్ని ఎనక్కి తోసి, రేపొద్దు ఆ తిమ్మన్నకు సేస్తారు కదా?"

"ఆయనకూ చేయరు. చేయనివ్వను."

ఆ మాటతో సిద్దమ్మ కొంచెం తగ్గింది. మొగుడికి దక్కనిది పక్క మంచానికీ దక్కదు. కొంగుతో ముఖం తుడుచుకుని మళ్లీ బెంచీ మీద కూర్చుంది.

మహేంద్ర రేణుకను పక్కకు పిలిచాడు. "అక్కా, ఇదంతా ఇప్పటికి మాటే. ఆ రెండు జాడీలు ఈపాటికి ఆయన పగలగొట్టి ఉంటాడు. మిగిలిన ఎనిమిదిలో పొడి ఉందనీ, అతకలేదనీ చూపించగలిగితేనే మనకు ఆధారం. అవి కూడా లేకపోతే..."

రేణుక ఫోన్ మోగుతోంది. తెర మీద యేసేపు పేరు.

"అమ్మా." గొంతు బాగా తగ్గించి మాట్లాడుతున్నాడు. "పెద్ద డాక్టర్ వచ్చినాడు. తలుపు తియ్యమన్నాడు. మీరు సెప్పినట్టే నేను తియ్యల్యా."

"మంచి పని చేసినావు. తియ్యద్దు. ఎవరినైనా పిలు."

"యావరూ ల్యారమ్మా, అందరూ అన్నాలకు పోయినారు. ఆయన పోతాండాడేమో అనుకుంటి. పోల్యా." రెండుసార్లు దగ్గాడు. "బయట గూడా గడియ పెట్టినాడు. తలుపు సందున పొగ వస్తాంది. ఈడ అంతా చొప్ప, తవుడేనమ్మా."

రేణుక మహేంద్ర వైపు చూసింది. అతని చేతిలో కారు తాళంచెవి అప్పటికే ఉంది. ఎమ్మిగనూరు నలభై అయిదు నిమిషాల దూరం. అక్కడ ఒకరు ఉండాల్సింది.